ఆరో వరసకు పైన

సోమవారం పదకొండు గంటల టీ వేళకి ఇన్‌స్పెక్టరుగారు ఒక ఉత్తరం చదివారు. మామూలుగా ఆయన ఉత్తరాలు చదవరు, సంతకం పెట్టి పక్కకి తోసేస్తారు. ఈసారి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మరీ చదివారు.

"ఎల్లుండి బుధవారం పైఆఫీసు నుంచి పర్యవేక్షణ అధికారి వస్తున్నారట. వ్యాపారుల కోసం కాదు, మనకోసమే. మనం పని సరిగ్గా చేస్తున్నామో లేదో చూస్తారట. గోడౌన్‌లో ఇంకా కదలని సరుకు ఏదో ఒకటి పట్టుకుని, మన చీటీలో రాసిన బస్తా నంబర్లనీ, బస్తాల మీద మన ముద్రల్నీ సరిపోల్చుకుంటారట," అన్నారు. టీ గ్లాసు అందుకుంటూ, "మన సూదక్క ఉండగా మనకేం భయం," అని నవ్వారు.

సూదక్క కూడా నవ్విందనే అందరూ అనుకున్నారు. నిజానికి మింగబోయిన టీ గొంతులో అడ్డం పడి ముఖం అలా వంకర తిరిగింది. అదే నవ్వుగా చెల్లిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టబోతే టీ కాస్తా ఉత్తరం మీద ఒలికింది. ఆమె గబగబా తుడిచింది, కానీ 'ముద్రలు' అన్న మాట దగ్గర మరక అలాగే ఉండిపోయింది.

ఆమె అసలు పేరు సర్వీసు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పాతికేళ్ల కిందట గోడౌన్ హమాలీలు సరదాగా పెట్టిన 'సూదక్క' అన్న పేరే చివరికి ఆఫీసులోనూ స్థిరపడింది. ఆహార భద్రత శాఖలో నమూనాలు తీయడం ఆమె ఉద్యోగం. ఒక చివర వాడిగా ఉండే మూరెడు ఇనప గొట్టం ఎప్పుడూ ఆమె చేతిలో ఉంటుంది. దాన్ని బస్తాలోకి గుచ్చి, ఒక తిప్పు తిప్పి లాగితే గుప్పెడు గింజలు జారి సంచిలో పడతాయి. గోనెకి చిల్లు పడిన చోట, పక్కనే, కోడిగుడ్డంత నీలం ముద్ర వేస్తుంది. ఆ గింజలు ల్యాబ్‌కి వెళతాయి. ల్యాబ్ బాగున్నాయంటేనే సరుకు గోడౌన్ దాటుతుంది.

ఉద్యోగానికి ఎంపిక జరిగిన రోజున ముగ్గురు పెద్దమనుషులు బల్ల వెనక కూర్చుని, "నిచ్చెనలు ఎక్కే పనమ్మా, ఆడవాళ్లకి కష్టం," అన్నారు. ఫ్యాను బాగుచేయడానికి తెచ్చిన నిచ్చెన ఒకటి ఆ గది మూలనే ఉంది. ఆమె లేచి, దాన్ని గది మధ్యకి ఈడ్చి, చకచకా ఎక్కి, ఫ్యాను రెక్క మీద వేలితో గీసి, దుమ్ము అంటిన ఆ వేలు వాళ్లకి చూపించింది. ఉద్యోగం ఇచ్చారు. ఫ్యాను తుడిపించారో లేదో మాత్రం తెలియదు. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఈ కథ చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. కథ అలా పాతికేళ్లు నిలబడింది గానీ, ఆమె కాళ్లే నిలబడలేకపోయాయి.

పనిలో రెండు నియమాలున్నాయి. గొట్టం ఇంకొకరి చేతికి ఇవ్వకూడదన్నది ఒకటి. ఇస్తే గోడౌన్‌వాళ్లు తమకి కావలసిన బస్తానే గుచ్చుతారు. రెండోది, ఏ బస్తా గుచ్చాలో తను కూడా ఎంచుకోకూడదు. మనిషి అన్నాక ఎంత నిజాయితీపరుడైనా చెయ్యి దగ్గరగా ఉన్నదాని మీదికే పోతుంది. అందుకని ఆఫీసు కంప్యూటరు అడ్డదిడ్డంగా ఇరవై అంకెలు ఇస్తుంది. గోడౌన్‌లో వేరుశనగ గింజల దొంతర రెండు బస్తాల మందం, పదిహేను బస్తాల పొడవు ఉంటుంది. ఒక్కో వరసకి ముప్పై చొప్పున పద్నాలుగు వరసలు, మొత్తం నాలుగు వందల ఇరవై. కింద నుంచి పైకి వరసగా నల్లరంగుతో నంబర్లు. నేల మీద నిలబడితే ఆరో వరస దాకా అందుతుంది, అంటే నూట ఎనభై దాకా. ఆపైన నిచ్చెన వేసుకోవలసిందే.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, హమాలీలు అన్నాలకి వెళ్లిన వేళ, పదో వరస దగ్గర నిచ్చెన కాలు జారింది. ఆమె చేతికి ఒక గోనె చెవి దొరికింది. దాన్ని పట్టుకుని ఎంతసేపు వేలాడిందో ఆమెకే తెలియదు. కింద గచ్చు, పైన రేకులు, మధ్యలో తను. ఆ గోనె చెవి పురి విడుతూ విడుతూ, ఒక్కొక్క పోగే తెగడం చెవులారా విన్నది. ఊడ్చి పోగేసిన పొట్టు మీద పడింది కాబట్టి బతికింది. లేచి కూర్చుని, ముందు గొట్టం ఎక్కడుందో వెతుక్కుంది, తర్వాత చేతివేళ్లు లెక్కపెట్టుకుంది. ఎవరూ చూడలేదు. ఇంట్లో స్నానాలగదిలో జారిపడ్డానని చెప్పింది. మొగుడు పాపం మర్నాడే గరుకు చాప ఒకటి తెచ్చి అక్కడ పరిచాడు. ఆ అబద్ధం రోజూ పొద్దున్నే ఆమె అరికాళ్లకి గరగరా తగులుతూనే ఉంది.

ఆ తర్వాత నిచ్చెన మూడో మెట్టు మీద కాలు పెడితే చాలు, మోకాళ్లు నీళ్లయిపోయేవి. చెవుల్లో ఆ గోనె పోగులు తెగుతున్న చప్పుడు. ఆఫీసులో చెప్పుకుంటే కుర్చీ ఉద్యోగం ఇచ్చేవాళ్లేమో. కానీ ఫ్యాను రెక్క కథ చెప్పుకునే చోట నిలబడి, నాకు ఎక్కడం భయం అని ఎలా అంటుంది? ఈ ఒక్కసారికే అనుకుని, నూట ఎనభై దాటిన నంబర్లకి బదులు కింద అందిన బస్తాలు గుచ్చింది. చీటీలో మాత్రం కంప్యూటరు ఇచ్చిన అంకెలే రాసింది. ల్యాబ్ రిపోర్టు శుభ్రంగా వచ్చింది. రెండోసారీ అంతే. రిపోర్టు శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ ఆమె భయం కొంచెం తగ్గింది, సిగ్గు కూడా దాంతోపాటే తగ్గింది. అలా నాలుగేళ్లు గడిచాయి.

ఇప్పుడు గోడౌన్‌లో కదలకుండా ఉన్నది ఒక్కటే దొంతర. ఆమే గుచ్చింది. బుధవారం మధ్యాహ్నం మిల్లుకి వెళ్లాలి. చీటీలో పన్నెండు నంబర్లు నూట ఎనభైకి పైన ఉన్నాయి. ఆ పన్నెండు బస్తాల మీద చిల్లూ లేదు, ముద్రా లేదు. సర్వీసు పుస్తకం ఉన్న బీరువా తాళంచెవి ఆ రోజు తప్పకుండా దొరుకుతుందని ఆమెకి తెలుసు.

సోమవారం సాయంత్రం కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మొగుడు దర్జీ, ఏ మాటనైనా కత్తిరించి కుట్టగలడు. ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, "ఏమే, ఉప్పు నాణ్యత పరీక్షలు ఇంట్లోనే మొదలెట్టావా?" అన్నాడు.

"పారేయండి, మళ్లీ వండుతాను."

"ఎందుకులే. నేను పాసయ్యానని రాసుకో." తర్వాత ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏమైంది?"

"ఎల్లుండి తనిఖీ ఉందండీ."

"నిన్ను తనిఖీ చెయ్యడానికి వాళ్లకేం తెలుసు? ఫ్యాను రెక్క దుమ్ము చూపించిన మనిషివి," అన్నాడు. అతను ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. ఆమె మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయింది.

మంగళవారం పొద్దున్నే గోడౌన్‌కి వెళ్లింది. ఎలాగోలా ఎక్కి, ఆ పన్నెండు బస్తాలూ ఇప్పుడైనా గుచ్చేస్తే పీడ విరగడైపోతుంది. హమాలీలు అవతలి షెడ్డులో బస్తాలు దింపుతున్నారు. ఆమె గొట్టం నడుముకి కట్టుకుని, నిచ్చెన దొంతరకి ఆనించి, రెండుసార్లు కదిపి చూసింది. మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టూ ఎక్కింది. మూడోదాని మీద ఎడమకాలు పెట్టగానే ముచ్చెమటలు పట్టాయి, చేతులు నిచ్చెనకి అతుక్కుపోయాయి. పైకి చూద్దామంటే మెడ తిరగలేదు. పైకి పోవడానికీ కిందికి రావడానికీ కాకుండా, బడిలో గోడకుర్చీ వేసిన పిల్లలా అలాగే ఉండిపోయింది.

"అక్కా, నెమ్మదిగా దిగండి. నేను పట్టుకున్నా," అన్న మాట వెనక నుంచి వినిపించింది. గోడౌన్ గుమస్తా. నలభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. ఆమె దిగాక కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా ఒక బస్తా మీద కూర్చున్నాడు.

"రేపు వస్తున్నారటగా. మీరు కంగారు పడకండక్కా. ఆ ముద్ర నాకిచ్చి వెళ్లండి, సాయంత్రం మావాళ్లు పైకెక్కి ఆ పన్నెండింటి మీదా గుద్దేస్తారు. కింద ఎక్కువ పడ్డవి పాత ముద్రలని చెబుదాం. గోనెలు తిప్పి తిప్పి వాడేవే కదా."

సూదక్క చేతిలో గ్లాసు ఆగిపోయింది. "పన్నెండని నీకెవరు చెప్పారు?"

గుమస్తా ఇబ్బందిగా నవ్వాడు. "మీరు ఆరో వరస దాటరని మాకు తెలుసు కదక్కా. నాలుగేళ్లబట్టీ చూస్తున్నాం. చీటీ నకలు మా దగ్గరా ఒకటి ఉంటుంది. మావాళ్లూ ఎవరితో అనలేదు. మీరంటే గౌరవం."

ఆమెకి కాళ్ల కింద గచ్చు కదిలినట్టయింది. ఇన్నేళ్లూ తను దాచుకున్నాననుకున్నది ఈ షెడ్డులో అందరూ దాచిపెడుతున్నారు. అందరికీ తెలుసు. దొంతర కట్టేవాళ్లకీ తెలుసు.

"తెలిస్తే మరి... పైన ఏం పెడుతున్నారు?" అని అడిగింది.

"ఏం పెడతామక్కా, అన్నీ ఒకచోట నుంచి వచ్చినవే." పెన్సిలు తీసి, చూసి, మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. "కాకపోతే లారీలో కాస్త తడిసినవేవైనా ఉంటే కింద పెట్టలేం కదా, బరువుకి నలిగిపోతాయి. పైన వేస్తే ఆరతాయని."

ఆమె రేకుల వైపు చూసింది. చీకటి కప్పులో అక్కడక్కడ చిన్న చిన్న వెలుగు చుక్కలు. వెలుగు వచ్చే దారిన వాన రాదా? కిందటి నెలంతా వానలే.

బూజు పట్టిన వేరుశనగలో విషం ఉంటుందనీ, అది కంటికి కనిపించకపోవచ్చుననీ, వేయించినా పోదనీ, కాలేయాన్ని పట్టుకుంటుందనీ శిక్షణలో మొదటిరోజే చెప్పారు. ఆమె ఆ పాఠాన్ని ఎందరికో అప్పజెప్పింది. కానీ ఆ నిమిషంలో ఆమెని పట్టి ఊపేసింది విషం కాదు. బుధవారం, ఉద్యోగం, బీరువా, ఫ్యాను రెక్క, ఇంట్లో గరుకు చాప. భయపడ్డ మనిషికి ఎదురుగా ఉన్న భయం తప్ప ఇంకోటి కనబడదు. ఆమె సంచిలోంచి కళ్లజోడు తీస్తున్నట్టు తీసి, ముద్రని గుమస్తా బల్ల మీద కాగితాల పక్కన పెట్టింది. మరిచిపోయినట్టు లేచి వచ్చేసింది. గుమస్తా దాని మీద మెల్లగా ఒక కాగితం కప్పాడు.

దారిలో కూతురి ఇంటికి వెళ్లింది. కూతురు పక్కవీధిలోనే ఉంటుంది. ఏడో నెల. కాళ్లు ఎత్తుపీట మీద పెట్టుకుని, గ్లాసులో చెంచా గిరగిరా తిప్పుతోంది. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకీ పసిపిల్లలకీ ఇచ్చే బలం పొడి, పాలలో కలుపుకునేది. ఆ పొడి చేసే మిల్లు ఊళ్లో ఒక్కటే. ఆ మిల్లుకి గింజలు వెళ్లేది ఆ గోడౌన్ నుంచే.

"ముఖమేంటమ్మా అలా పీక్కుపోయింది? కూర్చో. నీకూ ఒక గ్లాసు కలపనా?" అంది కూతురు.

"వద్దు."

"నయం, వద్దన్నావు కాబట్టి బతికిపోయావు. ఈ మధ్య చేదుగా ఉంటోంది. ముక్కు మూసుకుని తాగుతున్నా." ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "పారబోద్దామనుకున్నా గానీ, నీ ముద్ర పడిన సరుకే కదా, మా అమ్మ చూడకుండా బయటికి రాదులే అని తాగేస్తున్నా."

సూదక్క కూతురి చేతిలోంచి గ్లాసు లాక్కుంది. లాక్కున్న విసురుకి సగం పాలు నేల మీద ఒలికాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తీపి వెనక నుంచి సన్నగా, ఆగకుండా ఒక చేదు వచ్చింది. పొట్లం తిప్పి అడుగున చూసింది. సరుకు ఏ దొంతర నుంచి వచ్చిందో అక్కడ అచ్చు వేస్తారు. అలా వేయాలన్న నిబంధన గురించి కూతురికి ఒకప్పుడు గొప్పగా చెప్పింది కూడా. ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు. రెండు నెలల కిందటి దొంతర. ఆమె చీటీ. ఆరో వరస దాకా.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఇది ఆఫీసులో చూపించాలి. కొత్తది తెస్తాను. అప్పటిదాకా ఇది ముట్టుకోకు."

"బాలేదా?"

"చూడాలి," అంది తల్లి. అబద్ధం ఆడటానికి ధైర్యం చాలలేదు, నిజం చెప్పడానికి అసలే చాలలేదు. పొట్లం మూతి బిగించి కట్టి సంచిలో పెట్టుకుంది. సగం కూడా మిగల్లేదు. కూతురు కడుపు మీద చెయ్యి వేసుకుని ఆమెనే చూస్తోంది. ఆ చూపు వీధి చివరి దాకా వెంటవచ్చింది.

బుధవారం ఆమె గోడౌన్‌కి చేరేసరికి అందరూ వచ్చేశారు. ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. పర్యవేక్షణ అధికారిణి సన్నగా, పొట్టిగా, సూదక్క వయసు మనిషే. చేతిలో ఒక అట్ట, కాగితాలు, ఒక టార్చి. మాట మెల్లగా ఉంది. మెల్లగా మాట్లాడేవాళ్లని చూస్తే సూదక్కకి ఇంకా భయం.

దొంతర పైన పన్నెండు నీలం ముద్రలు కొత్తగా మెరుస్తున్నాయి. సూదక్క ముద్ర గుమస్తా బల్ల మీద, మరిచిపోయిన చోటే, బుద్ధిగా కూర్చుని ఉంది.

అధికారిణి చీటీ చేతిలో పట్టుకుని దొంతర చుట్టూ తిరిగింది. కింది ఎనిమిదీ చూసింది. చిల్లులు వేలితో తడిమింది. అదనంగా ఉన్న ముద్రలు చూసి ఆగితే గుమస్తా పాత గోనెల సంగతి చెప్పాడు. ఆమె తల ఊపింది. తర్వాత పైకి చూసి, "నిచ్చెన ఉందా?" అంది.

"ఉంది మేడమ్. ఒక మెట్టు కదులుతోంది, చూసుకుని ఎక్కాలి," అన్నాడు గుమస్తా.

అధికారిణి నిచ్చెన వైపు చూసింది. తన మోకాళ్ల వైపు చూసుకుంది. ఆ చూపు సూదక్కకి బాగా తెలుసు. నాలుగేళ్లుగా తనదే ఆ చూపు. అధికారిణి టార్చి వెలిగించి, కింద నుంచే ఒక్కొక్క నంబరూ చదువుతూ, ఒక్కొక్క ముద్రా చూస్తూ, కాగితం మీద ఒక్కొక్క టిక్కూ పెట్టింది. మూడువందల పద్దెనిమిది, ఉంది. మూడువందల డెబ్బై ఏడు, ఉంది. నాలుగువందల పదకొండు, ఉంది. ముద్రలు కనిపించాయి. చిల్లులు ఆ దూరానికి ఎవరికీ కనిపించవు.

"బాగుంది. చాలా శ్రద్ధగా చేశారు," అంది సూదక్క వైపు తిరిగి.

ఇన్‌స్పెక్టరుగారు అప్పుడే ఊపిరి వదిలారు. గుమస్తా పెన్సిలు చెవి మీద సర్దుకున్నాడు. బయట లారీ వెనక్కి వస్తున్న చప్పుడు, హమాలీలు తలపాగాలు బిగించుకుంటున్నారు. అంతా అయిపోయింది. ఆమె బతికిపోయింది. రెండు రోజులుగా గుండెల మీద కూర్చున్నది లేచి వెళ్లిపోవాలి. కానీ అది లేవలేదు. ఇంకా బరువెక్కింది. ఇప్పుడిక కనిపెట్టేవాళ్లు ఎవరూ రారు. పైఆఫీసుకి పైన ఇంకో ఆఫీసు లేదు. ఈ బస్తాలు ఇంకో గంటలో మిల్లుకి పోతాయి, వారంలో పొట్లాలవుతాయి, ఊళ్లో ప్రతి గర్భిణీ 'ముద్ర పడిన సరుకే కదా' అని ముక్కు మూసుకుని తాగుతుంది. పట్టుబడతానన్న భయం ఈ భయం ముందు చిన్నపిల్ల.

సంచి బల్ల మీద పెట్టింది. గొట్టం నడుముకి కట్టుకుంది. వెళ్లి నిచ్చెన తెచ్చి దొంతరకి ఆనించింది.

"ఏంటక్కా?" అన్నాడు గుమస్తా. ఆమె మొదటి మెట్టు ఎక్కింది. జవాబు చెబితే ఆ మాటతోపాటే ధైర్యం కూడా బయటికి పోతుందని భయం.

మూడో మెట్టు దగ్గర మోకాళ్లు మామూలుగానే నీళ్లయ్యాయి. చెవుల్లో పోగులు తెగడం మొదలైంది. ఆమె కళ్లు మూసుకుని, నిచ్చెనని కావలించుకుని, కాలితో తడుముకుంటూ నాలుగో మెట్టు వెతుక్కుంది. ధైర్యం వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఏడుస్తూ ఎక్కింది. ఎనిమిదో వరస దగ్గర ఒకసారి నిచ్చెన కిర్రుమంటే పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరో కింద నుంచి దిగమన్నారు. దిగడం ఎక్కడం కన్నా భయం కాబట్టి ఎక్కుతూనే పోయింది. పద్నాలుగో వరసకి చేరి, రెండు మోచేతులూ బస్తాల మీద వేసి, పొట్ట మీద పాక్కుంటూ పైకి పోయి, అక్కడే బోర్లా పడుకుండిపోయింది.

వాసన ముందు తగిలింది. మూసిన గదిలో తడిబట్టలు మరిచిపోయిన వాసన. నాలుగువందల పదకొండో బస్తా ఆమె చెంప కిందే ఉంది. దాని అంచున నీలం ముద్ర నిగనిగలాడుతోంది. పక్కన చిల్లు లేదు. ఆమె గొట్టం విప్పి, రెండు చేతులతో గుచ్చి, తిప్పి లాగింది. గింజలు జారలేదు. గడ్డకట్టి ఉన్నాయి. వేలితో పొడిస్తే బూడిదపచ్చ పొడి లేచింది. పక్క బస్తా గుచ్చింది. అదీ అంతే. అవతలిది కూడా.

"మేడమ్," అంది. తల ఎత్తడానికి భయమేసి, బస్తాల మీదే ముఖం ఆనించి అరిచింది. "ఈ పైముద్రలు నేను వేసినవి కావు. వీటిని నేను గుచ్చలేదు. ఇప్పుడే గుచ్చాను. బూజు పట్టాయి. లారీ ఎక్కనివ్వకండి."

కింద లారీ చప్పుడు ఆగింది. తర్వాత అధికారిణి గొంతు అదే మెత్తదనంతో వచ్చింది. "ఎన్నాళ్లబట్టి గుచ్చడం లేదు?"

"నాలుగేళ్లు."

"ఎవరైనా చెప్పారా అలా చెయ్యమని?"

"లేదు మేడమ్. ఎక్కడానికి భయం."

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పాతికేళ్ల ఫ్యాను రెక్క కథ అక్కడితో ముగిసిందని ఆయనకీ అర్థమై ఉంటుంది.

"పాత సరుకు ఎక్కడైనా మిగిలి ఉందా, పరీక్ష చెయ్యడానికి?" అని అడిగింది అధికారిణి.

"నా సంచిలో ఒక పొట్లం ఉంది. రెండు నెలల కిందటిది. ముందు దాన్ని పంపండి. రిపోర్టు ఏమొచ్చినా నాకు చెప్పండి."

కింద సంచి తెరిచిన చప్పుడు. కాగితం గలగల. పొట్లం అడుగున నంబరు చూసి రాసుకుంటున్నట్టుంది. రాస్తూనే, లెక్క సరిచూసుకునే మనిషి గొంతుతో అడిగింది. "ఇందులో సగం కూడా లేదే. మిగతాది ఏమైంది?"

సూదక్క కళ్లు మూసుకుంది. రేకుల్లో చిల్లు నుంచి వచ్చే ఎండ సరిగ్గా ఆమె వీపు మీద, రూపాయంత మేర, పడుతోంది.

"మా అమ్మాయి తాగింది మేడమ్. ఏడో నెల."

కలం ఆగింది. కాగితాలు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత అడుగులు. అధికారిణి వచ్చి నిచ్చెనని రెండు చేతులతో పట్టుకుంది. "నేను పట్టుకున్నాను. మీరు దిగండి," అంది.

సూదక్క వెనక్కి తిరిగి, బస్తా అంచు నుంచి కాలు కిందికి చాచి, కనపడని ఆ మొదటి మెట్టు కోసం వెతకడం మొదలుపెట్టింది.